మెల్లిగా! తెల్ల కణాలు బెదిరిపోతాయి

ఆల్విన్ పైబస్‌కు ఉన్నది ఒకటే పిచ్చి. మనిషి రక్తంలోని తెల్ల కణాలు పెద్ద చప్పుడైతే బెదిరిపోతాయని. ఒకటే కదా అని చులకన చేయకండి. పదిమందికి పంచిపెట్టినా ఇంకా ఆయనకు మిగిలేంత పిచ్చి అది.

దక్షిణ సముద్రపు దీవి ఒకదాని మీద హోబార్ట్ అనే ఊరు. అక్కడ డెర్వెంట్ నది పక్కనున్న ఒక పరిశోధనశాల. దాని నాలుగో అంతస్తు నడవా చివర ఆయన గది. ఆ గదికి ముప్పై అడుగుల ముందే నేల మీద అడ్డంగా ఒక పసుపు టేపు అంటించి ఉండేది. ఆ గీత దాటాక గట్టిగా మాట్లాడకూడదు. నవ్వకూడదు. తుమ్ము వస్తే గీత ఇవతలికి పరుగెత్తుకొచ్చి తుమ్మాలి. ఆ పరుగు కూడా చప్పుడు కాకూడదు.

గాజుసామాను కడిగే గది కూడా ఆ గీత లోపలే ఉండేది. ఆ గది బెరిల్ డిరీన్‌ది. ఏ మహానుభావుడు ఆ రెండు గదులకూ చోటు చూపించాడో గానీ, చేపల బుట్ట పక్కన పిల్లిని కట్టేసినట్టు చేశాడు.

బెరిల్‌కు అప్పటికి అరవై తొమ్మిదేళ్ళు. ఆపిల్ పళ్ళు పెట్టెలకెత్తే షెడ్డులో ముప్పై ఏళ్ళు యంత్రాల మోత మీదుగా మాట్లాడి పెంచుకున్న గొంతు ఆమెది. కిటికీ దగ్గర నిలబడి తనలో తాను గొణుక్కున్నా కింద రోడ్డు మీద ఇద్దరు తలెత్తి చూసేవాళ్ళు. చదువు ఆరో తరగతితో సరి. అయితేనేం, పెద్ద పెద్ద పట్టాలు పుచ్చుకున్నవాళ్ళు తాగిన కప్పు సింకులో పడేసి పోతుంటే, “ఇది మాకు ఆరో తరగతి లోపే నేర్పారు బాబూ, మీకు ఏ క్లాసులో నేర్పుతారు?” అని అడిగేది.

ఎనిమిదేళ్ళ కింద ఆమె పనిలో చేరిన మొదటి రోజు. ట్రాలీ నిండా సీసాలు పెట్టుకుని, పాట పాడుకుంటూ గీత దాటింది. చివర గది తలుపు బెత్తెడు తెరుచుకుంది. అందులోంచి ఒక ముక్కు, దాని మీద కళ్ళజోడు, ఆ వెనకే చేతులు జోడించినంత పని చేస్తూ ఒక సన్నటి మనిషి బయటికొచ్చారు.

“మెల్లిగా, మెల్లిగా! బెదిరిపోతాయి.”

“ఏవి నాయనా, ఎలుకలా?”

“తెల్ల కణాలు.”

“వాటికి చెవులున్నాయా?”

“చెవులు లేవు. చక్కెర గొలుసులున్నాయి.”

బెరిల్ ట్రాలీ ఆపేసి నడుం మీద చెయ్యి వేసుకుంది. “పొద్దున్నే నాతో వేళాకోళమా?”

వేళాకోళం కాదని చెప్పడానికి ఆయనకు అరగంట పట్టింది. అరగంటా గుసగుసగానే చెప్పాడు. “మన అడవుల్లో తిరిగే ఎకిడ్నా జంతువును చూశారు కదా, ఒంటి నిండా ముళ్ళు. ఒక్కో తెల్ల కణమూ అలాగే ఉంటుంది. కాకపోతే అవి ముళ్ళు కావు, చక్కెర పలుకులు గుచ్చిన దండలు.”

“టీలో వేసుకునే చక్కెరేనా?”

“దానికి దాయాది. అందులో ఒక రకం సముద్రపు పాచిలో కూడా ఉంటుంది.”

“అంటే నాకు లోపల పాచి పట్టిందంటావ్.”

“అందరికీ పట్టిందండీ, పట్టబట్టే బతికున్నాం! వేలికి ముల్లు గుచ్చుకుందనుకోండి. అక్కడి రక్తనాళం లోపలి గోడ చెయ్యి చాస్తుంది. రక్తంలో కొట్టుకుపోతున్న తెల్ల కణం ఈ చక్కెర గొలుసుతో ఆ చెయ్యి అందుకుంటుంది. గోడ వెంట దొర్లుతుంది, నెమ్మదిస్తుంది, ఆగుతుంది. తర్వాత గోడలోంచి దూరి గాయం దగ్గరికి వెళ్ళిపోతుంది. ఆ గొలుసే లేదనుకోండి, పట్టు దొరక్క కొట్టుకుపోతూనే ఉంటుంది. గాయం గాయంగానే ఉండిపోతుంది.”

బెరిల్ ట్రాలీ రాడ్డు పట్టుకుని చూసింది. “బస్సు ఆగకముందే రాడ్డు పట్టుకుని మెట్టు మీదికి జరిగి, మన స్టాపులో దిగిపోతాం. అలాగేనా?”

ఆల్విన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నేను నూరు కాగితాల్లో రాసింది మీరు ఒక్క ముక్కలో చెప్పేశారు.”

ఆ మాటతో బెరిల్ వారం రోజులు నేల మీద నడవలేదు. ఆ వారంలోనే తన పాట మానేయాల్సి వచ్చిందన్న సంగతి ఎనిమిదో రోజున గానీ ఆమెకు తట్టలేదు.

తెల్ల కణాలను గట్టిగా కుదిపితే ఉలిక్కిపడి, ఒంటి మీది కొక్కేలు రాల్చేసుకుని, ఒకదానికొకటి అతుక్కుని ముద్దయిపోతాయన్నది ఆ పనిలో ఉన్న అందరికీ తెలిసిన విషయమే. అందుకే రక్తపు గొట్టాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటారు. కుదపకూడదు అన్నంత వరకు అందరూ ఒప్పుకుంటారు. అక్కడితో ఆగితే ఆయన పైబస్ ఎందుకవుతాడు? మాటకు కూడా బెదురుతాయన్నాడు. కుర్చీ కాళ్ళన్నిటికీ టెన్నిసు బంతులు కోసి తొడిగాడు. ఫోను మోగితే వినపడకుండా టీ కెటిలు మీద కప్పే ఉన్ని టోపీ ఒకటి దాని నెత్తిన పెట్టాడు. ఫోను ఎత్తేలోపు అవతలివాళ్ళు విసిగి పెట్టేసేవాళ్ళు. తలుపు బందులు కిర్రుమంటున్నాయని ఎక్కడో దీవుల్లోంచి సముద్రపు పిట్టల నూనె తెప్పించి పోశాడు. తలుపులు నోరు మూసుకున్నాయి గానీ, నెలరోజులు నాలుగో అంతస్తంతా కుళ్ళిన చేపల కంపు. బెరిల్ ముక్కుకు గుడ్డ కట్టుకుని, “నీ కణాలకు చెవులే గానీ ముక్కు లేదన్నమాట” అంది.

ఒకసారి నిప్పంటుకుంటే ఎలా దిగాలో నేర్పే కసరత్తు జరిగింది. గంట మోగగానే అందరూ నిమిషంలో కిందికి దిగారు. బయట సన్నగా మంచువాన. తలలు లెక్కపెడితే ఒకటి తక్కువ. ఆల్విన్ ఒక గొట్టాన్ని స్వెటరు లోపల చంకలో పెట్టుకుని, మెట్టుకొక క్షమాపణ చెప్పుకుంటూ దిగుతున్నాడు. పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ఫైరింజన్ పెద్దాయన గడియారం చూపించి, “నిజంగా నిప్పంటుకుని ఉంటే ఏం చేసేవాడివయ్యా?” అన్నాడు. ఆల్విన్ దగ్గరికి వచ్చి ఆయన చెవిలో, “కాస్త మెల్లిగా మాట్లాడండి, ఇక్కడున్నాయి” అని చంక చూపించాడు.

తెల్ల కణాలు దాచుకుంటే ఉండవు. ఏ పూట రక్తం ఆ పూటే తియ్యాలి. అందుకని ఆ అంతస్తులో పనిచేసేవాళ్ళే వంతులవారీగా చెయ్యి చాపేవాళ్ళు. గురువారం వంతు బెరిల్‌ది. ఇచ్చినందుకు ఆల్చిప్పల కూర లోపల పెట్టి కాల్చిన ‘పై’ అనే వేడి రొట్టె ఒకటి. ఆమె ఆ ‘పై’ కోసం ఇచ్చేది కాదు, తన కణాలు అందరికన్నా బాగా దొర్లుతాయని ఆల్విన్ అన్నందుకు ఇచ్చేది. అలా అని ‘పై’ వదిలిపెట్టేదీ కాదు.

రక్తం తీసేది నెరీడా. కణాలు వేరుచేసేదీ, మైక్రోస్కోపులో చూసి లెక్కపెట్టేదీ ఆమే. నలభై దాటిన మనిషి. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. సూది దిగిందన్న సంగతి తీసేశాక గానీ తెలిసేది కాదు. “నీ చేతులకు బంగారు తొడుగు చేయించాలే తల్లీ” అనేది బెరిల్. నెరీడా నవ్వేది. ఆ నవ్వు కూడా గీతకు లోబడి ఉండేది.

ఆ అంతస్తుకు పెద్ద ప్రొఫెసర్ మనింగ్స్. మనిషి కొండంత, గొంతు ఆ కొండ మీద ఉరిమినంత. కోపం వస్తే నడవా ఆ చివర నుంచే కేక వేసే అలవాటు ఆయనది. మరి గీత వచ్చాక ఏం చేస్తాడు? ఊగిపోతూ వచ్చేవాడు, గీత దగ్గర బ్రేకు వేసినట్టు ఆగేవాడు, లోపలికొచ్చి గుసగుసగా తిట్టడం మొదలుపెట్టేవాడు. గుసగుసగా తిట్టడం ఎంత కష్టమో ఎప్పుడైనా ప్రయత్నించి చూడండి. రెండో వాక్యానికే ఆయనకు దగ్గొచ్చేది. మూడో వాక్యానికి తను దేనికొచ్చాడో మరిచిపోయేవాడు. “సరే, పని చూసుకో” అని వెళ్ళిపోయేవాడు.

అలా ఏళ్ళ తరబడి లోపల నిలవున్న తిట్లన్నీ ఆ ఏడాది ఆగస్టులో పొంగాయి. బెరిల్ ట్రాలీ మీది నుంచి రెండు గాజు జాడీలు దొర్లి పడ్డాయి. ఆమె వాటిని పేరుపేరునా తిట్టింది. ఆల్విన్ బయటికొచ్చి పెదవి మీద వేలు పెట్టాడు. ఇటు నుంచి మనింగ్స్ వచ్చాడు.

“చాలు!” అన్నాడు గీత అవతల నిలబడి. “ఈ గీతా, ఈ కడుగుడూ ఒక అంతస్తులో పొసగవు. ఆల్విన్, నీ కణాలు నిజంగా చప్పుడుకు బెదిరితే బెరిల్ గది నేలమాళిగకు పోతుంది. బెదరకపోతే నీ గీత పోతుంది. గురువారం పరీక్ష పెట్టు. తేల్చు.”

నేలమాళిగ మాట వినగానే బెరిల్‌కు గుండె జారింది. కిటికీ లేదు, నది కనపడదు, పలకరించే ప్రాణి లేదు. భర్త పోయాక ఆమెకు మిగిలిన సందడల్లా ఈ నాలుగో అంతస్తే. అయినా బయటపడే మనిషి కాదు. “పెట్టండి పరీక్ష! నా రక్తమే తీసుకోండి. నేనే అరుస్తాను. ఇంతకన్నా గట్టి గొంతు మీకు ఈ దీవిలో దొరకదు” అంది.

వింత ఏమిటంటే, ఆల్విన్ ముఖం ఆమెకన్నా పాలిపోయింది. “పరీక్ష అవసరమంటారా?” అన్నాడు రెండుసార్లు. ఓడిపోతానని భయం కాబోలు అనుకుంది బెరిల్. ఓడితే ఓడనీ, చంకలో పెట్టుకుని ఊరేగించడానికి గొట్టాలైతే ఉంటాయి కదా.

గురువారం పొద్దున నెరీడా రక్తం తీసింది, కణాలు వేరుచేసింది, రెండు గాజు పళ్ళేల్లో పోసింది. ఒకటి ఆల్విన్ గదిలో నిశ్శబ్దంగా కూర్చుంది. రెండోదాన్ని మెట్ల పక్క గదిలో పెట్టి, బెరిల్‌ను దాని ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, తలుపు మూశారు. మనింగ్స్ గడియారం పట్టుకున్నాడు. ఇరవై నిమిషాలు అరవాలి.

బెరిల్ పళ్ళెం వైపు చూసింది. లోపల నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. “నా రక్తాన్ని నేనే తిట్టుకోవాలా?” అంది.

“అంపైర్‌ను తిట్టినట్టు తిట్టు” అన్నాడు మనింగ్స్.

ఆ ముక్క చెప్పాక ఇక ఆపేవాళ్ళు లేరు. శనివారాలు ఫుట్‌బాల్ మైదానంలో అంపైర్‌లకు దక్కేదంతా ఆ పళ్ళానికి దక్కింది. “కళ్ళు కనపడవా? అది ఫౌలా? మీ అమ్మ నీకు విజిల్ ఎందుకు కొనిచ్చిందిరా, పక్షుల్ని తోలడానికా?” పది నిమిషాలకు అంపైర్‌లు అయిపోయారు. అక్కడి నుంచి సొంత కణాల మీదే పడింది. “పడుకున్నారేం! డెబ్బై ఏళ్ళుగా మేపుతున్నాను, పొద్దున గంజి, సాయంత్రం మాంసం, గురువారం ‘పై’ రొట్టె! నేలమాళిగలో కూర్చోబెట్టిస్తారా నన్ను? బెదిరారో, ఒక్కొక్కదాని గొలుసు తెంపుతాను!” కింది అంతస్తు నుంచి ఎవరో పోలీసులను పిలవాలా అని అడగడానికి వచ్చారట.

తర్వాత రెండు పళ్ళేల కణాలనూ సన్నటి గాజు నాళంలో వదిలారు. నాళం గోడకు, గొలుసు అందుకునే ఆ చేతుల్లాంటివి ముందే పూసి ఉంచారు. నెరీడా మైక్రోస్కోపులో కన్ను పెట్టి, ఎన్ని కణాలు గోడ పట్టుకుని దొర్లుతున్నాయో లెక్కపెట్టింది. ఏ పళ్ళెం ఏదో ఆమెకు తెలియకూడదని, అరుపులు జరిగిన ఇరవై నిమిషాలూ ఆల్విన్ ఆమెను భవనం బయటికి పంపేశాడు. నిశ్శబ్దంగా ఉన్న పళ్ళెంలో నూటికి ఎనభై మూడు దొర్లాయి. తిట్లు తిన్న పళ్ళెంలో ఎనభై నాలుగు.

“చూశారా నావాళ్ళని!” అంది బెరిల్.

మనింగ్స్ ఆనందం పట్టలేక నడవాలోకి వచ్చి, గీతకు అటు నుంచి ఇటు దూకి, ఏళ్ళ తరబడి దాచుకున్న గొంతు మొత్తం తెరిచాడు. “నెరీడా! ఆ లెక్కల కాగితం ఇటు పట్టుకురా!”

గోడలు అదిరాయి. అప్పుడే ట్రే పట్టుకుని గది గుమ్మంలోకి వచ్చిన నెరీడా చేతుల్లోంచి ట్రే జారి కింద పడింది. గొట్టాలు భళ్ళుమన్నాయి. ఆమె కదల్లేదు. ఖాళీ చేతులు ఇంకా ట్రే పట్టుకున్నట్టే గాలిలో ఉన్నాయి. అటు తిరిగి చూసినవాళ్ళు తక్కువ. చూసింది బెరిల్.

“అయ్యో, నాదే తప్పు, నా మోచెయ్యి తగిలింది!” అని ఆల్విన్ పరుగున వచ్చి ముక్కలేరాడు. నెరీడా చేతికి కాగితమిచ్చి, “నువ్వు లోపల ఇంకోసారి సరిచూడమ్మా” అని పంపేశాడు. పెంకులు పారేయడానికి కడిగే గదిలోకి వచ్చాడు. బెరిల్ వెనకే వచ్చి తలుపు మూసింది.

“నువ్వు ఆరడుగుల దూరంలో ఉన్నావు. అంత పొడుగు మోచెయ్యి మీ వంశంలో ఎవరికైనా ఉందా?”

“అంటే… కాస్త అటు తిరిగినప్పుడు…”

“ఆల్విన్!”

ఆయన బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. “వాటికి వినపడదని నాకు తెలుసు బెరిల్. పదకొండేళ్ళ కిందే చూశాను. గొట్టాల పక్కన రేడియో పెట్టాను, తలుపులు బాదాను, చివరికి బ్యాండు మేళంవాళ్ళ డోలు తెచ్చి కొట్టాను. వాటికి చీమ కుట్టినట్టు కూడా లేదు.”

“మరి ఈ గీత దేనికి?”

“నెరీడా ఆ చలికాలమే చేరింది. ఎలాంటి ఇంట్లోంచి తప్పించుకుని వచ్చిందో, అక్కడ ఏం అరుపులు పడిందో నేను అడగలేదు. రెండో వారంలో మనింగ్స్ ఇలాగే కేకేశాడు. ట్రే ఇలాగే పడింది. సాయంత్రానికి నా బల్ల మీద రాజీనామా. ‘నా చేతులు ఈ పనికి పనికిరావు’ అని రాసింది. అలాంటి చేతులు నేను ఎక్కడా చూడలేదు బెరిల్! ‘నీ చేతులు కాదమ్మా, కణాలు బెదిరాయి, వాటికి కేకలు పడవు’ అన్నాను. ఏదో నోటికొచ్చింది అన్నాను. మర్నాడు టేపు కొన్నాను. ఒకసారి అన్నాక, మరి దానికి తగ్గట్టు ఉండాలి కదా.”

“పదకొండేళ్ళా!”

“టెన్నిసు బంతులు కొంచెం అతి అయిందేమో.”

“పోయి ఆ మనింగ్స్‌తో అసలు సంగతి చెప్పచ్చు కదయ్యా!”

“చెబితే రేపటి నుంచి అందరూ ఆమెను చూసి మెల్లిగా నడుస్తారు. ఆమె వారం కూడా నిలవదు. కణాల కోసమైతే ఎవరికీ మొహమాటం లేదు. వెధవ పిచ్చి పైబస్‌ది, పోనీలే అనుకుంటారు.” ఆయన పెంకుల వైపు చూశాడు. “ఆ మనిషికి మళ్ళీ ఏదైనా పట్టుకునే ధైర్యం రావడానికే రెండేళ్ళు పట్టింది.”

బయట నేల మీద గోకుతున్న చప్పుడు వినపడింది. మనింగ్స్ మోకాళ్ళ మీద కూర్చుని, జేబుకత్తితో టేపు చివర లేపుతున్నాడు. అంతస్తంతా చుట్టూ చేరింది. లోపలి గది గుమ్మంలో నెరీడా నిలబడి ఉంది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

బెరిల్ వెళ్ళి ఆ టేపు మీద రెండు బూట్లూ మోపి నిలబడింది.

“తప్పుకో బెరిల్, నువ్వే గెలిచావు. నీ గది ఎక్కడికీ పోదు.”

“గది మాట సరే. గీత ఉండనివ్వండి ప్రొఫెసరు గారూ.”

“కణాలకు వినపడదని ఇప్పుడే కదా తేలింది!”

“కణాల సంగతి నాకనవసరం. నా సంగతి చెబుతున్నాను.” బెరిల్ ఊపిరి పీల్చుకుంది. ఆపిల్ షెడ్డులోకి వచ్చిన విషపు పామును చీపురుతో రోడ్డు దాకా తరిమిన మనిషి. ఆ తర్వాత మాట ఆమె నోట్లోంచి రావడానికి పన్ను పీకినంత పనైంది. “మీ కేక వింటే నాకు… భయం. కాళ్ళూ చేతులూ ఆడవు. ఇందాక మీరు అరిచినప్పుడు ఎక్కడున్నానో తెలియలేదు.”

“నీకా?” అన్నాడు మనింగ్స్. కత్తి గాల్లోనే ఉంది. “భయమా?”

“పదిమందిలో చెప్పించారుగా. ఇంకోసారి చెప్పమంటారా?”

మనింగ్స్ చెడ్డవాడు కాదు. గొంతు ఒక్కటే దేవుడు కొలత చూసుకోకుండా ఇచ్చాడు. ఆయన కత్తి మడిచి జేబులో పెట్టుకుని, లేచిన టేపును బొటనవేలితో నొక్కి మళ్ళీ అంటించాడు. “ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నావేం? ముందే చెప్పకూడదూ” అన్నాడు గుసగుసగా.

మర్నాడు ఆల్విన్ తలుపు మీద కొత్త కాగితం అంటించి ఉంది. ‘తెల్ల కణాలకు చప్పుడు వినపడదని పరీక్షలో తేలింది. అయినా దయచేసి మెల్లిగా.’

ఇక బెరిల్ పాట్లు వర్ణించలేం. అంతస్తు అంతస్తంతా ఆమెను రోగిష్టి మనిషిని చూసినట్టు చూడసాగింది. పక్కకు వచ్చి, వంగి, “ఎలా ఉన్నారు బెరిల్?” అని ఊదినట్టు అడిగేవాళ్ళు. మనింగ్స్ అయితే గుమ్మం దగ్గర చిన్నగా దగ్గి, “నేనే బెరిల్, భయపడకు” అని లోపలికొచ్చేవాడు. ఆ ‘భయపడకు’ విన్నప్పుడల్లా చేతిలోని జాడీ ఆయన నెత్తిన వేయాలనిపించేది. భయస్తులు జాడీలు వెయ్యరు కాబట్టి ఊరుకునేది.

తర్వాతి గురువారం నెరీడా ఆమె మణికట్టు పట్టుకుని నాడి చూసింది. ఎప్పుడూ చూసేదాని కన్నా ఎక్కువసేపు చూసింది. “ఇది భయస్తుల నాడిలా లేదే” అంది. బెరిల్ పైకప్పు చూసింది. ఆ రోజు మాత్రం నెరీడా ‘పై’లు ఒకటికి రెండు ఇచ్చింది.

మూడో వారానికి బెరిల్ ముఖం మూత బిగించిన కుక్కర్‌లా అయింది. మధ్యాహ్నం భోజనాల వేళ ఆల్విన్ ఆమె కోటు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆమెను నది ఒడ్డుకు తీసుకెళ్ళాడు. ఎదురుగాలి. రాళ్ళ మీద సముద్రపు కాకులు. మనిషన్నవాడు లేడు.

“ఇక్కడ గీత లేదు. కానివ్వండి” అన్నాడు.

బెరిల్ అటూ ఇటూ చూసింది. బొత్తాం ఒకటి వదులు చేసుకుంది. “భయమా! నాకా! ఒరేయ్ మనింగ్స్, నీ తాతను కూడా భయపెడతానురా!” కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఆమె మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. “హమ్మయ్య! నువ్వూ ఒకటి వెయ్యి నాయనా. పదకొండేళ్ళ సరుకు ఉండుంటుంది నీ దగ్గర.”

“నాకు అలవాటు లేదండీ.”

“వెయ్యవయ్యా!”

ఆల్విన్ కళ్ళజోడు తీసి ఆమెకిచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు.

అది మనింగ్స్ గొంతు కాదు, బెరిల్ గొంతూ కాదు. ఓడరేవులో పెద్ద ఓడ లంగరెత్తేటప్పుడు అరిచే అరుపు. ఆ సన్నటి ఒంట్లో అంత చోటు ఎక్కడుందో గానీ, కేక నది దాటి, అవతలి ఒడ్డు కొండకు తగిలి తిరిగొచ్చింది. నది మధ్యలో జనాన్ని దాటిస్తున్న ఫెర్రీ పడవ వేగం తగ్గించింది. దాని మీద నుంచి ఎవరో చెయ్యి ఊపారు. హారన్ రెండుసార్లు మోగింది. ఒడ్డున ఎవరో ఎక్కాల్సినవాళ్ళు మిగిలిపోయారనుకుని ఫెర్రీ నెమ్మదిగా ముక్కు తిప్పి ఇటువైపు రాసాగింది.

“ఏమంటున్నారు వాళ్ళు?” అన్నాడు ఆల్విన్, కళ్ళజోడు లేక కళ్ళు చికిలిస్తూ.

“మన కోసమే వస్తున్నారయ్యా! పరుగెత్తు!” అంది బెరిల్.

అరవై తొమ్మిదేళ్ళ ఆడమనిషీ, తెల్ల కణాల పండితుడూ ఫెర్రీకి దొరక్కుండా రాళ్ళ మీద పడుతూ లేస్తూ పరుగెత్తారు. ఇద్దరూ ఊరంతా వినపడేలా నవ్వుతున్నారు.